దూడ అడ్డము తిరిగినప్పుడు
(పాడి రైతుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



గేదె సుమారు పది నెలల పది దినములు, ఆవు తొమ్మిది నెలల పది దినములు దూడను మోయును. ఇన్ని నెలలు మనము పెట్టిన గడ్డి, దాణా, పడిన శ్రమ అంతయు ఈనెడి నాటి రెండు మూడు గంటలలో దక్కుటయో దక్కకపోవుటయో జరుగును. చాలా పశువులు మన సాయము లేకుండగనే, తెల్లవారి మనము లేచి చూచుసరికి దూడను నాకుచు కనుపించును. అట్టి వాటిని గురించి నేను చెప్పవలసినది లేదు. కడుపులో దూడ ఉండవలసిన తీరున లేక, కాలు మడిచియో, మెడ తిప్పియో, వెనుకకు తిరిగియో, అడ్డము పడియో ఉన్నప్పుడు కొట్టములో ఉన్నవారు ఏమి చేయవలెను, ముఖ్యముగా ఏమి చేయరాదు అన్నదే నేటి విషయము.

పైర్లను గురించి పాఠములు చెప్పువానికి ఈ విషయముతో పని ఏమని మీరు అడుగవచ్చును. పశుగ్రాసపు మడుల కొరకు గ్రామములకు వచ్చినప్పుడు మీరు నన్ను అడిగిన ప్రశ్నలలో సగము గడ్డిని గురించి కాదు, గొడ్డును గురించి. పైగా అర్ధరాత్రి గేదె నొప్పులు పడుచుండగా దాని ప్రక్కన ఉండునది డాక్టరుగారు కాదు, మీరు. ఆయన వచ్చులోపల గడచు గంటలోనే చాలా గేదెల అదృష్టము నిర్ణయమగుచున్నది. మీలో పెద్దలు నాకంటె ఎన్నో రెట్లు ఈతలు చూచినవారు. వారికి తెలిసిన దానికి కారణములు జోడించుటయే నా పని.

మొదట కాలమును చూచుకొనవలెను. తోక మొదట ఇరువైపుల గుంటలు పడి, పొదుగు బిగిసి, తీగవలె జిగురు దిగుచున్నదన్నచో ఒకటి రెండు దినములలో ఈనునని మీకు తెలియును. నొప్పులు మొదలైన తరువాత పశువు లేచుట, పడుకొనుట, వెనుకకు తిరిగి చూచుకొనుట, మాటిమాటికి కొద్దికొద్దిగా మూత్రము పోయుట చేయును. ఇది లోపల గర్భాశయపు నోరు తెరచుకొను సమయము. సాధారణముగా రెండు నుండి ఆరు గంటలు పట్టును. తొలిచూలు పడ్డకు, పెయ్యకు ఇంకను ఎక్కువ పట్టవచ్చును. ఈ సమయమున తొందరపడి చేయి పెట్టువారు మేలు కంటె కీడే ఎక్కువ చేయుదురు. తరువాత నీటి తిత్తి కనుపించును, పగులును, పశువు గట్టిగా ముక్కును. ఇక్కడి నుండి గడియారము చూడవలెను. నీటి తిత్తి పగిలి గట్టిగా ముక్కుచున్నను, ఒక గంటలో, తొలిచూలుకు రెండు గంటలలో, పని ముందుకు సాగలేదన్నచో లోపల ఏదో అడ్డమున్నదని అర్థము. గిట్టలు కనుపించిన తరువాత అరగంట గడచినను ఇంకొంచెము బయటికి రాలేదన్నను అంతే. ఉదయము నుండి నొప్పులు తగులుచు సాయంకాలమైనను నీటి తిత్తియే కనుపించని గేదె సంగతి వేరు. దానిని తరువాత చెప్పెదను.

దూడ ఉండవలసిన తీరు ఎట్టిది? ఎండాకాలములో పిల్లలు బావిలో దూకునప్పుడు చూచియుందురు. రెండు చేతులు ముందుకు చాచి, తల చేతుల నడుమ ఉంచి దూకుదురు. దూడయు అట్లే రావలెను. రెండు ముందు కాళ్ళు చాచి, వాటిపై మూతి ఆనించి, వీపు తల్లి వెన్నెముక వైపున ఉంచి వచ్చును. అప్పుడు గిట్టల అడుగు భాగములు నేల వైపునకు ఉండును. రెండు గిట్టలు, ఒక మూతి, ఈ మూడును కనుపించినచో లేక చేతికి తగిలినచో, కొంచెము ఓపిక పట్టిన చాలు. ఈ మూటిలో ఏ ఒక్కటి తగ్గినను తాడు ముట్టరాదు.

ఈ మాట నొక్కి చెప్పుటకు కారణమున్నది. డెల్టాలోని ఒక గ్రామమునకు పిల్లిపెసర మడులు చూడబోయినప్పుడు ఒక ఇంటి ముందు జనము కూడియున్నారు. ముర్రా గేదె, రెండవ ఈత. రెండు గిట్టలు జానెడు బయటికి వచ్చినవి. నలుగురు యువకులు తాడు కట్టి లాగుచున్నారు. చాలాసేపటి నుండి లాగుచున్నారట. లోపలి నుండి ఆ ఇంటి ముసలమ్మ వచ్చి, ఒక్క నిముషము చూచి, "ఒరేయ్, తల ఏదిరా? తల కనపడకుండా ఏమిటి లాగుతారు?" అని తాడు విడిపించినది. తరువాత వచ్చిన డాక్టరుగారు చేయి పెట్టి చూడగా దూడ తల ప్రక్కకు, డొక్క వైపునకు తిరిగియున్నది. లాగినకొద్దీ కాళ్ళు ముందుకు వచ్చినవి, మెడ ఇంకను మడతపడినది. ఆయన దూడను వెనుకకు నెట్టి తలను త్రిప్పి తీసినారు. దూడ అప్పటికే చనిపోయినది. గేదె దక్కి, మరుసటి సంవత్సరము మరల చూలు కట్టినది. ఆ అవ్వ ఏ కళాశాలలోను చదువలేదు. అడుగవలసిన ప్రశ్న మాత్రము ఆమెయే అడిగినది.

ఇక కనుపించుచున్న కాళ్ళు ముందువో వెనుకవో ఎట్లు తెలియును? గిట్ట అడుగు భాగము నేల వైపునకు ఉన్నచో సాధారణముగా ముందు కాళ్ళు. ఆకాశము వైపునకు ఉన్నచో సాధారణముగా వెనుక కాళ్ళు. కాని దూడ వెల్లకిల పడియున్నచో ఈ గుర్తు మోసము చేయును. నమ్మదగిన గుర్తు కీళ్ళలో ఉన్నది. గిట్టకు పైనున్న మొదటి కీలును, దాని పైనున్న రెండవ కీలును చేతితో మడిచి చూడవలెను. రెండును ఒకే వైపునకు మడిగినచో అది ముందు కాలు. ఒకటి ఒక వైపునకు, రెండవది దానికి ఎదురు వైపునకు మడిగినచో వెనుక కాలు. వెనుక కాలికి రెండవ కీలు వద్ద కొన తేలిన ఎముక గూడ చేతికి తగులును. ఇది చీకటిలో, జిగురులో, గేదె ముక్కుచుండగా మొదటిసారి నేర్చుకొను విద్య కాదు. మీ కొట్టములో ఉన్న దూడను పట్టుకొని, పట్టపగలు కన్నులు మూసుకొని దాని ముందు కాలు, వెనుక కాలు తడిమి చూడుడు. నాలుగు సార్లు చేసినచో చేతికే తెలిసిపోవును. ఇంటి ఆడవారికి గూడ చూపింపుడు; ఈనే వేళకు మగవారు పొలములో ఉండుట అరుదు కాదు. ఇంకొక జాగ్రత్త. రెండు కాళ్ళు తగిలినంతనే రెండును ఒకే దూడవని అనుకొనరాదు. ఒక్కొక్క కాలిని వెంబడించి రొమ్ము వరకు చేయి పోనిచ్చి చూడవలెను. కవల దూడలున్నప్పుడు ఒకదాని కాలు, రెండవదాని కాలు కలిపి కట్టి లాగుట జరుగును.

చేయి పెట్టుటకు ముందు గోళ్ళు తీసికొని, ఉంగరములు, గాజులు, చేతి గడియారము తీసివేసి, మోచేతికి పై వరకు సబ్బుతో కడుగవలెను. పశువు వెనుక భాగమును, తోకను గూడ కడిగి, తోకను ప్రక్కకు కట్టవలెను. వంటనూనెయో, కొబ్బరినూనెయో చేతికి ధారాళముగా పట్టింపవలెను. బట్టల సోడా, ఉతుకుడు పొడి లోపలికి పోనీయరాదు. సున్నితమైన పొర మండి వాచును. పొడవాటి ప్లాస్టిక్ తొడుగులు మందుల దుకాణములలో దొరకును. వాటిని వాడుట మీ మేలు కొరకే. ఈడ్పురోగము, అనగా బ్రుసెల్లా జబ్బు, ఉన్న పశువు ఉమ్మనీటి నుండి, మాయ నుండి మనుష్యులకు అంటుకొనును. నెలల తరబడి జ్వరము, కీళ్ళ నొప్పులు పట్టుకొనును. చేతికి గాయమున్నవారు, గర్భిణీ స్త్రీలు ఈ పనికి దూరముగా ఉండవలెను. పెయ్యదూడలకు, పడ్డదూడలకు నాలుగు నుండి ఎనిమిది నెలల వయస్సులో ఈ జబ్బుకు టీకా ఒక్కసారి వేయించిన చాలును.

ఇప్పుడు తప్పు తీరులను చూతము. అన్నిటికంటె తరచుగా కనుపించునది ఒక ముందు కాలు మోకాటి వద్ద మడుచుకొనుట. ఒక గిట్ట, మూతి వచ్చును. రెండవ గిట్ట రాదు. కొన్నిసార్లు కాలు భుజము వద్ద నుండియే పొట్ట క్రిందికి పోయి, తల మాత్రము బయటికి వచ్చి నాలుక వాచి వ్రేలాడుచుండును. తల ప్రక్కకు తిరుగుట రెండవది. పై గ్రామములోని గేదె సంగతి అదే. ఇక వెనుక కాళ్ళతో వచ్చు దూడ. రెండు వెనుక కాళ్ళు చాచి వచ్చినచో అది పుట్టగలదు, కాని ఒక చిక్కున్నది. దాని నడుము బయటికి వచ్చునప్పటికి బొడ్డు తాడు తల్లి ఎముకల మధ్య నలుగును, తల ఇంకను లోపలనే ఉండును. అక్కడ ఆలస్యమైనచో లోపలనే ఊపిరి పీల్చబోయి ఉమ్మనీరు మ్రింగి చచ్చును. కనుక అట్టి దూడను తీయుటకు మనుష్యులు, తాడు, నూనె సిద్ధముగా ఉన్న తరువాతనే మొదలుపెట్టి, నడుము దాటిన పిమ్మట నిముషములలో ముగింపవలెను.

వెనుక కాళ్ళు గూడ ముందుకు మడుచుకొని, పిరుదులతో వచ్చు దూడ అందరిని మోసగించును. ఇందులో గిట్ట కనుపించదు, మూతి కనుపించదు. దూడ ద్వారములోనికి దిగి అదుముకొనదు కనుక తల్లి గట్టిగా ముక్కను గూడ ముక్కదు. ఊరక అస్థిమితముగా తిరుగును. మనము "ఇంకను సమయము కాలేదు" అని పండుకొందుము. చేయి పెట్టినచో తోక మాత్రమే తగులును. తోక తగిలి కాళ్ళు తగలలేదన్నచో ఇక మీ ప్రయత్నమేదియు వద్దు. ఆ కాళ్ళు తెచ్చునప్పుడు గిట్ట కొన గర్భసంచిని చీల్చు ప్రమాదమున్నది. వీపు గాని, నాలుగు కాళ్ళు గాని ఒకేసారి తగిలినచో దూడ నిజముగా అడ్డము పడినది. అదియు డాక్టరుగారి పనియే.

దూడ బ్రతికియున్నదా లేదా అన్నది గూడ తెలిసికొనవలెను. గిట్ట రెండు చీలికల నడుమ గట్టిగా గిచ్చినచో కాలు వెనుకకు లాగుకొనును. నోటిలో వ్రేలు పెట్టినచో చప్పరించును. వెనుక నుండి వచ్చినదైనచో మలద్వారమున వ్రేలు తాకగానే బిగియును. కదలిక లేనంతనే చనిపోయినదని నిశ్చయింపరాదు. బలహీనపడిన దూడ ఆలస్యముగా కదలును.

ఏ తీరు తప్పినను సవరించుటకు మూలసూత్రము ఒక్కటే. లాగుటకు ముందు నెట్టవలెను. ఇది చాలామందికి తలక్రిందుగా తోచును. బయటికి రావలసిన దానిని లోపలికి నెట్టుట ఏమిటి? ఇరుకు వాకిట్లో మంచము అడ్డము తగులుకొన్నదనుకొనుడు. అవతలి నుండి పదిమంది గుంజినను రాదు. కోళ్ళు విరుగును. ఒక అడుగు గదిలోనికి వెనుకకు నెట్టి, నిలువుగా త్రిప్పినచో ఒక్కరే తేగలరు. తల్లి కటి ఎముకలు ఆ వాకిలి వంటివి. అక్కడ కాలు త్రిప్పుటకు చోటు లేదు. గర్భసంచిలో చోటున్నది. కనుక నొప్పికి, నొప్పికి నడుమ ఉన్న విరామములో, దూడ రొమ్ముపై అరచేయి ఆనించి మెల్లగా వెనుకకు నెట్టవలెను. నొప్పి వచ్చినప్పుడు నెట్టరాదు. చేయి ఊరక నిలుపవలెను. పశువు నిలుచుండి, ముందు కాళ్ళు పల్లములో, వెనుక భాగము మెరకలో ఉన్నచో దూడ సులువుగా వెనుకకు జారును.

మోకాలు మడిచిన ఒక్క కాలు మాత్రమే తప్పు అయి, దూడ చిన్నదై, ద్వారము బాగుగా తెరచుకొని ఉన్నచో, అనుభవమున్నవారు దీనిని ఇంటి వద్ద సవరింపవచ్చును. దూడను నెట్టి, మడిచిన మోకాటిని పైకి, ప్రక్కకు జరిపి, గిట్టను అరచేతిలో దాచుకొని తేవలెను. గిట్ట కొన మీ అరచేతికి గ్రుచ్చుకొన్నను సరే, గర్భసంచి గోడకు తగులరాదు. ఈ ప్రయత్నమునకు నేను ఇరువది నిముషములు గడువు పెట్టెదను. అంతలో కాలు చిక్కనిచో చేయి తీసివేయవలెను. గంటలకొలది నలుగురు నాలుగు చేతులు మార్చి మార్చి పెట్టిన పశువు లోపల వాచి, ఎండి, తరువాత వచ్చిన డాక్టరుగారికి గూడ చేయి దూరనీయదు. కబురు మాత్రము ఆ ఇరువది నిముషముల తరువాత కాదు, మొదలుపెట్టుటకు ముందే పంపవలెను. సవరణ జరిగిపోయినచో ఆయన వచ్చి దూడను చూచి కాఫీ త్రాగి పోవుదురు. దానిలో నష్టమేమున్నది?

దూడ సరియైన తీరునకు వచ్చిన పిమ్మటనే లాగుట. తాడు మెత్తని నూలుదై, శుభ్రముగా ఉడికించినదై ఉండవలెను. గిట్టపై కీలుకు పైన ఒక చుట్టు, క్రింద ఒక చుట్టు వేసినచో బరువు ఒకే చోట పడక ఎముక విరుగదు. పశువు ముక్కినప్పుడు లాగవలెను, ముక్కుట ఆపినప్పుడు ఆపవలెను. ఒక కాలిని కొంచెము ముందుకు, తరువాత రెండవ దానిని, ఇట్లు మార్చి మార్చి లాగినచో భుజములు ఒకదాని వెనుక ఒకటి దూరును. మొదట తిన్నగా వెనుకకు, రొమ్ము బయటపడిన తరువాత క్రిందికి, తల్లి మడమల వైపునకు లాగవలెను. ఇద్దరు ముగ్గురు మనుష్యుల బలమునకు రానిది పదిమందికి రారాదు. ట్రాక్టరుకు, ఎద్దుల జతకు తాడు కట్టినవారిని గురించి విన్నాను. ట్రాక్టరుకు నొప్పి ఎప్పుడు వచ్చినది, ఎప్పుడు ఆగినది తెలియదు. గర్భసంచి చినుగుట, కటి ఎముకల వెంట పోవు నరములు నలిగి గేదె వెనుక కాళ్ళు చాపి మరల లేవకపోవుట, సంచి అంతయు తిరగబడి బయటికి వచ్చుట ఇట్టి లాగుడు ఫలితములు. లక్ష రూపాయలకు పైగా పెట్టి తెచ్చిన గేదె ఒక్క పూటలో కటికవాని పాలగుట నేను అతిశయోక్తిగా చెప్పుట లేదు.

నొప్పులు తెప్పించు ఇంజక్షను గూడ ఇట్టిదే. దుకాణములో సులభముగా దొరకినది గదా అని వేయుచున్నారు. దారి మూసియుండగా వెనుక నుండి త్రోయుట అది. దూడ తీరు తెలియకుండ, నోరు తెరచినదో లేదో చూడకుండ ఆ సూది వేసినచో చినుగునది సంచియే.

ఇప్పుడు నేను ఆపియుంచిన విషయము. మన గేదెలలో ఈత కష్టమునకు పెద్ద కారణము దూడ తిరుగుట కాదు, దూడతో గూడ గర్భసంచియే మెలిక పడుట. ఆవులలో ఇది తక్కువ, గేదెలలో చాలా ఎక్కువ. తడిబట్టను పిండునప్పుడు ఎట్లు మెలి తిరుగునో, నిండు చూలుతో ఉన్న సంచి మెడ అట్లు తిరుగును. ఎక్కువగా కుడి ప్రక్కకు తిరుగును. దీని లక్షణములు జాగ్రత్తగా వినుడు. దినములు నిండినవి, పొదుగు దిగినది, గేదె కొన్ని గంటలు బాధపడినది, పొట్టను కాలితో తన్నుకొన్నది, మేత మానినది. నీటి తిత్తి రాలేదు. తరువాత నొప్పులు తగ్గి గేదె నెమ్మదించినది. మనము "దొంగ నొప్పులు, ఇంకను నాలుగు రోజులున్నవి" అని తృప్తిపడుదుము. ఆ నెమ్మది మంచిది కాదు. మెలిక పడిన సంచికి రక్తము పారుట తగ్గును. మొదట దూడ, తరువాత సంచి, చివరకు గేదె చెడును. వెనుక నిలుచుండి చూచినచో కొన్ని గేదెలలో ద్వారపు ఒక అంచు లోపలికి లాగుకొనిపోయినట్లు కనుపించును. చేయి పెట్టినచో దారి తిన్నగా పోక, మరవలె తిరిగిన మడతలు తగులును.

దీనికి డాక్టర్లు చేయు చికిత్స చూచుటకు వింతగా నుండును. మెలిక ఏ వైపునకు పడినదో చేతితో నిర్ణయించి, గేదెను ఆ వైపునకే పడుకొనబెట్టి, ముందు కాళ్ళు ఒక జతగా, వెనుక కాళ్ళు ఒక జతగా కట్టి, డొక్కపై పొడవాటి చెక్కబల్ల వాల్చి, దానిపై ఒక మనిషి నిలుచుండగా, గేదెను మెలిక పడిన వైపునకే దొర్లింతురు. వ్యతిరేక దిశకు త్రిప్పవలెను గదా అని తోచును. బల్ల బరువునకు సంచి కదలక నిలుచును. శరీరము మాత్రము తిరిగి, ముందే తిరిగిపోయిన సంచిని అందుకొనును. మెలిక విడును. దిక్కు తెలియకుండ దొర్లించినచో ఒక మెలిక రెండగును. కనుక ఎవరో చేయగా చూచితిమని ఇంటి వద్ద గేదెను దొర్లింపవద్దు. మీరు చేయగల సాయము వేరుగా ఉన్నది. పది పన్నెండు అడుగుల దృఢమైన బల్ల, తాళ్ళు, మెత్తని నేల, అయిదారుగురు మనుష్యులను సిద్ధము చేసినచో డాక్టరుగారు వచ్చిన వెంటనే పని సాగును. మెలిక పడిన మొదటి గంటలలో విడదీసిన గేదెలు దూడతో సహా దక్కును. రెండవ రోజు, మూడవ రోజు వచ్చిన వాటికి పొట్ట కోసి దూడను తీయవలసివచ్చును. ఆ శస్త్రచికిత్సకు గూడ భయపడనక్కరలేదు. సకాలములో చేసినచో గేదె పాలిచ్చును, మరల చూలు కట్టును. ఆలస్యమైన తరువాత చేసి ఫలితము రానప్పుడు కోతను నిందించుట న్యాయము కాదు.

దూడ బయటపడిన వెంటనే ముక్కులోని, నోటిలోని జిగురు తీసి, బోర్లా రొమ్ముపై కూర్చుండబెట్టి, పొడి గోనెతో గట్టిగా రుద్దవలెను. ఊపిరి ఆలస్యమైనచో శుభ్రమైన గడ్డిపరకతో ముక్కులో గిలిగింత పెట్టవలెను, తలపై చల్లని నీరు చిలుకరింపవలెను. బొడ్డుకు టింక్చర్ అయోడిన్ పూయవలెను. కష్టపడి పుట్టిన దూడ తనంతట లేచి పొదుగు వెదకుకొనలేదు. గంట రెండు గంటలలోపల ముర్రుపాలు పితికి త్రాగింపవలసిన బాధ్యత మనది. మాయ పడలేదని ముర్రుపాలు ఆపు అలవాటు చాలా చోట్ల ఇంకను ఉన్నది. అది దూడ ప్రాణమునకు చేటు. తల్లిలో ఇంకొక దూడ ఉన్నదేమో చేయి పెట్టి చూడవలెను. పన్నెండు గంటలు గడచినను మాయ పడనిచో డాక్టరుగారికి చూపవలెనే గాని, దానికి రాయి కట్టరాదు, గుంజరాదు.

ఇక నా శాఖకు చెందిన మాట. దూడ తీరు మన చేతిలో లేదు గాని, దూడ పరిమాణము, తల్లి బలము కొంతవరకు మన చేతిలో ఉన్నవి. పెద్ద దూడ ఇరుకు దారిలో కాలు మడిచినచో సవరించుట ఎంత కష్టమో చెప్పనక్కరలేదు. ఎదకు వచ్చినదని చిన్న పెయ్యను కట్టింపరాదు. తన జాతి పెద్ద ఆవు బరువులో మూడింట రెండు వంతులు వచ్చిన తరువాతనే కట్టింపవలెను. సంకరజాతి పెయ్యకు ఇది సుమారు 250 కిలోలు. కాటా లేదని విడువవద్దు, టేపు చాలును. రొమ్ము చుట్టుకొలత అంగుళములలో తీసి, దానిని దానితోనే హెచ్చించి, భుజపు కొన నుండి పిరుదు ఎముక వరకు గల పొడవుతో మరల హెచ్చించి, 660తో భాగించిన కిలోలు వచ్చును. చుట్టుకొలత 60, పొడవు 46 అంగుళములున్న పెయ్య 251 కిలోలు తూగును. చిన్న నాటు పెయ్యకు పెద్ద హోల్‌స్టీన్ వీర్యము వేయించుట గూడ కోరి తెచ్చుకొను చిక్కు.

దూడ చిన్నదిగా పుట్టవలెనని చివరి నెలలలో తల్లికి మేత తగ్గించువారున్నారు. ఇది పొరపాటు. దూడ తల్లి ఒంటిలోని దానిని లాగుకొని చాలావరకు పెరిగియే తీరును. నీరసించిన తల్లికి మాత్రము నొప్పులు పడుటకు బలము ఉండదు. వట్టి వరిగడ్డిపై ఉంచినచో మరియు ముప్పు, ఎందుకన దానిలో ఉన్న కొద్ది సున్నమును గూడ ఆక్జలేటు అను పదార్థము పట్టియుంచును. సున్నము తగ్గిన పశువు గర్భసంచి కండ గట్టిగా ముడుచుకొనలేదు. కనుక చివరి రెండు నెలలు పాలు ఒట్టించి, పచ్చిమేత, దినమునకు 50 గ్రాముల లవణ మిశ్రమము, శరీరమును బట్టి ఒకటి రెండు కిలోల దాణా ఇవ్వవలెను. వరి కోసిన చేలలో పిల్లిపెసర, జనుము, గట్టున ఎ.పి.బి.ఎన్-1 గడ్డి ఉన్న రైతుకు ఇది పెద్ద ఖర్చు కాదు. అట్లని బలిపింపరాదు, దారిలో కొవ్వు చేరి ఇరుకగును. ఇరువది నాలుగు గంటలు పొట్టి తాడున కట్టివేసిన చూడి గేదెను ప్రతిదినము ఒక గంట మెల్లగా నడిపింపవలెను. జారు నేల, పరుగు, ఇతర గొడ్ల కుమ్ములాట మాత్రము తప్పింపవలెను.

ఈనెడి నెలలో కొట్టములో ఒక సంచి వ్రేలాడదీయుడు. అందులో సబ్బు, నూనె సీసా, ఉడికించి ఎండబెట్టిన రెండు నూలు తాళ్ళు, పొడవు తొడుగులు, టింక్చర్ అయోడిన్, పొడి గోనె, టార్చిలైటు ఉండవలెను. కట్టించిన తేదీని, దానిని బట్టి ఈనవలసిన తేదీని సుద్దతో గోడపై వ్రాయుడు. దాని ప్రక్కనే మీ పశువుల ఆసుపత్రి ఫోను నంబరును, సంచార పశువైద్య వాహనపు నంబరు 1962ను వ్రాయుడు. ఫోను చేసినప్పుడు "గేదె ఈనలేకపోతున్నది" అని మాత్రమే చెప్పక, ఎన్నవ ఈత, నొప్పులు ఏ వేళకు మొదలైనవి, నీటి తిత్తి పగిలినదా, ఎన్ని గిట్టలు కనుపించుచున్నవి, అవి ముందువా వెనుకవా, మూతి తగిలినదా అన్నది చెప్పుడు. ఏ సామాను తీసికొని బయలుదేరవలెనో ఆయన అప్పుడే నిర్ణయించుకొందురు.